మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టా?

తిరుపతి నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. ఆనవాళ్లు తీసేసి, సంగతి మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్తది రైల్వేలో ఉద్యోగం. పుత్తూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన అత్తగారు వీళ్లతోనే ఉంటారు. ఒక్కతే పాప, పన్నెండేళ్లు. నిరుడు ఫిట్స్ మొదలైతే డాక్టరు పరీక్షలు చేయించి మూర్ఛ అని తేల్చి, పొద్దునొకటి, రాత్రొకటి మాత్రలు రాశారు. ఎనిమిది నెలలు మళ్లీ ఫిట్ అన్న మాటే లేదు.

అప్పుడు సంఘ పెద్ద ఒకాయన ఇంటికొచ్చి ప్రార్థన చేసి, "బిడ్డ బాగైపోయింది గదమ్మా, ఇంకా మాత్రలెందుకు? మాత్ర మింగినన్నాళ్లూ దేవుణ్ణి నమ్మనట్టే లెక్క" అన్నారట. ఆ మాట అత్తగారి మనసుకు పట్టేసింది. పాపకు మాత్రలు వేసే పని ఆమెదే. మూడు రోజులు వేయలేదు. కొడుక్కి చెప్పింది, కోడలికి చెప్పలేదు. కొడుకు అవుననలేదు, కాదనలేదు. నాలుగో రోజు శుక్రవారం, రాత్రి ప్రార్థన. పాపను ముందు వరసలో కూర్చోబెట్టారు. తెల్లవారుజామున మూడింటికి ఫిట్ వచ్చింది, ఆగలేదు. "చేతిలో తాళాలు పెట్టినారు, నోట్లో స్పూను దూర్చబోయినారు. చుట్టూ నిలబడి దయ్యాన్ని గద్దిస్తా కేకలేస్తున్నారు. బిడ్డ పెదాలు నల్లబడుతుంటే నేను ఆటో కోసం రోడ్డు మీద పరిగెత్తినాను" అని రాశారు. ఆసుపత్రిలో ఇంజెక్షన్లు పడ్డాక ఆగింది. పాప ఇంటికొచ్చింది, మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. "ప్రార్థనకు దయ్యం లొంగే సమయానికి తల్లి అనుమానపడింది" అని పెద్దాయన ఇప్పుడు ఈమె మీదే వేశారు.

ఇది ఇలా ఉండగా, కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఈమెకు ఒక పని అప్పజెప్పారు. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాల్లో వారానికొకటి చొప్పున సువార్తల్లోని స్వస్థత కథల మీద చిన్న ధ్యానాలు రాసివ్వాలి. స్త్రీల మైత్రి కూటంలో చదివి, వాట్సాప్ గ్రూపులో పెడతారు. మొదటి రెండూ రాశారు. యాయీరు అనే ఆయన చనిపోయిన కూతుర్ని యేసు బతికించిన కథ దగ్గర పెన్ను ఆగిపోయింది. ఈస్టర్ రోజున పాప చేత, దేవుడు తనను బాగుచేశాడని సాక్ష్యం చెప్పించాలని పెద్దాయన పట్టుబడుతున్నారు కూడా.

"రాయనా, మానేయనా? ఈ సంఘంలో ఉండాలా, వేరేచోటికి పోవాలా? పాప నన్ను 'అమ్మా, నాకు విశ్వాసం తక్కువా?' అని అడిగింది. నేనింకా జవాబు చెప్పలేదు" అని ముగించారు.

*

అమ్మా,

మీరు చివర్లో రాసిన ప్రశ్నే ముందు తీసుకుంటాను. మిగతావి వారం ఆగినా పరవాలేదు, అది ఆగదు. ఈ రాత్రే పాపను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి: "లేదు తల్లీ. మాత్ర ఆగింది, నిద్ర ఆగింది, అందుకే ఫిట్ వచ్చింది. నువ్వు చేసిన తప్పేమీ లేదు." ఓదార్పు కోసం చెప్పే అబద్ధం కాదిది, వైద్యపరంగా ఉన్న సంగతే. మూర్ఛ మందును ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ తిరగబెడతాయి, కొన్నిసార్లు మునుపటి కన్నా తీవ్రంగా, ఆగకుండా వస్తాయి. నిద్రలేమి కూడా ఫిట్‌ను రేపుతుంది. మూడు రోజులు మందు లేని పిల్లను నాలుగో రోజు తెల్లవార్లూ మేలుకోబెట్టారు. దీనికి దయ్యం దాకా పోవాల్సిన పనేముంది?

మీరు నన్ను దారులు అడిగారు. మందు విషయంలో మాత్రం నా దగ్గర రెండో దారి లేదు. డాక్టరు చెప్పేదాకా మాత్ర ఆగకూడదు. సాధారణంగా రెండేళ్లపాటు ఫిట్ రాకపోతే అప్పుడు డాక్టరు ఆలోచించి, అవసరమైతే పరీక్ష చేయించి, కొద్దికొద్దిగా నెలల తరబడి తగ్గిస్తారు. ఎనిమిది నెలలు ఫిట్ రాలేదంటే మందు పని చేస్తోందని అర్థం. సరైన మందు సరిగ్గా వాడితే పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ పాప ఆ ఏడుగురిలో ఉన్నట్టే కనిపిస్తోంది.

ఇంట్లో అందరికీ, సంఘంలో పాపతో తిరిగేవాళ్లకీ ఇంకొకటి చెప్పి ఉంచండి. మళ్లీ ఎప్పుడైనా ఫిట్ వస్తే పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిదేదైనా పెట్టాలి, గడియారం చూసుకోవాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు, గట్టిగా అదిమి పట్టుకోకూడదు. తాళాలూ ఇనుమూ ఎందుకూ పనికిరావు. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ప్రార్థన చేసేవాళ్లు చేసుకోవచ్చు, కాస్త దూరంగా, పాపకు గాలి ఆడేలా.

ఇక పెద్దాయన వాక్యం. మార్కు 9వ అధ్యాయంలో ఫిట్స్ వచ్చే కొడుకును యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి కథ మీద ఆయన నిలబడ్డారని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఇలాంటిది "ప్రార్థనవలననే గాని" వదలదన్న యేసు మాట అక్కడుంది, నిజమే. ఆ మాట ఎవరితో అన్నాడో చూడండి. పిల్లవాడితో కాదు, తండ్రితో కాదు. ఇంట్లోకి వెళ్లాక ఏకాంతంగా శిష్యులు అడిగితే, శిష్యులతో అన్నాడు. అంటే ప్రార్థన లోటు ఎక్కడైనా ఉంటే అది ప్రార్థించడానికి వచ్చినవాళ్లలో ఉంది. యాకోబు పత్రికలో పెద్దలు నూనె రాసి ప్రార్థించే చోటా అంతే. అక్కడ విశ్వాసంతో ప్రార్థించాల్సింది పెద్దలు, మంచంలో ఉన్న రోగి కాదు. మీ పెద్దాయన లెక్క ప్రకారమే పోతే వేలు ఆయన వైపే తిరుగుతుంది. (ఈ మాట ఆయన మొహం మీద అనమని నేను చెప్పడం లేదు. మీకు తెలిసి ఉంటే చాలు.)

ఆ కథలో నాకు ఎప్పుడూ మనసు ఆగే చోటు ఇంకొకటి. జనం మూగి ఉన్నారు, శాస్త్రులు శిష్యులతో వాదిస్తున్నారు, పిల్లవాడు నేల మీద పడి నురుగు కక్కుతున్నాడు. యేసు వాదంలోకి దిగలేదు. తండ్రి వైపు తిరిగి, ఇది వీడికి ఎన్నాళ్ల నుంచి ఉంది అని అడిగాడు. ఏ డాక్టరైనా మొదట అడిగే ప్రశ్న అది. చిన్నప్పటి నుంచి అన్నాడు తండ్రి, నిప్పుల్లో పడ్డాడు, నీళ్లలో పడ్డాడు అని చెప్పుకున్నాడు. ఆ తండ్రి ఎన్నిసార్లు నిద్రలో ఉలిక్కిపడి లేచి ఉంటాడో మీకు చెప్పక్కర్లేదు. నమ్మేవాడికి అన్నీ సాధ్యమే అని యేసు అన్నప్పుడు ఆయన దాచుకోకుండా రెండూ ఒకే ఊపిరిలో చెప్పేశాడు: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." సగం నమ్మకం, సగం భయం. నీ అనుమానం తీరాక రా అని యేసు ఆయన్ని వెనక్కి పంపలేదు. పిల్లవాడి చెయ్యి పట్టుకుని లేపాడు. పెదాలు నల్లబడుతున్న బిడ్డను చూసి ఆటో కోసం పరిగెత్తిన తల్లిది ఏ నమ్మకమో ఆ తండ్రికి బాగా తెలుసు.

"కానీ అక్కడ దయ్యం అనే ఉంది కదా" అని ఎవరైనా అంటే, మత్తయి 4:24 తీసి చూపించండి. యేసు దగ్గరికి తెచ్చిన రోగుల వరసలో దయ్యం పట్టినవాళ్లు వేరు, చాంద్రరోగులు, అంటే మూర్ఛ ఉన్నవాళ్లు వేరు, పక్షవాతం వచ్చినవాళ్లు వేరు. ఫిట్ వచ్చిన ప్రతివాణ్ణీ దయ్యం ఖాతాలో వేయడం మత్తయికే లేదు.

మాత్ర మానడం గురించి సూటిగా మాట్లాడే కథ, నాకు తోచినంతలో, లూకా 17లోని పదిమంది కుష్ఠరోగులది. ఆ కథ మీద ప్రసంగాలన్నీ తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పిన ఆ ఒక్క సమరయుడి చుట్టూనే తిరుగుతాయి. దానికి ముందు యేసు చెప్పిన మాట మనం దాటేస్తాం: వెళ్లి యాజకులకు మిమ్మల్ని కనపరచుకోండి అన్నాడు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం చర్మం చూసి, నయమైందో లేదో తేల్చి, మళ్లీ ఊళ్లోకి రానిచ్చే అధికారం యాజకుడిది. బాగుచేసినవాడే, తేల్చాల్సినవాళ్ల దగ్గర తేల్చుకోండి అని పంపాడు. మీ పాప నయమైందని ఎవరికైనా గట్టి నమ్మకం ఉంటే, వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి. చూసి చెప్పాల్సింది ఆయన. మన ఊళ్లో మొక్కు, ముడుపు అంటే విడమరిచి చెప్పక్కర్లేదు, గుండ్లతో కొండ దిగేవాళ్లను రోజూ చూస్తాం. పెద్దాయన అడిగింది కూడా ఒక ముడుపే, బిడ్డ మాత్రల్ని గుడ్డలో కట్టి దేవుడికి ఇచ్చేయమన్నట్టుగా. ఆ నాలుగు సువార్తల్లో యేసు ఏ రోగినీ అటువంటి ముడుపు అడగలేదు.

పోయినేడు బండి మీద నుంచి పడి చెయ్యి విరిగితే ఆ పెద్దాయనే పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని వచ్చారని మీరే రాశారు. ఆ కట్టు ఉన్నన్నాళ్లూ ఆయన విశ్వాసాన్ని ఎవరూ శంకించలేదు కదా! ఎముకకు ఒక న్యాయం, మెదడుకు ఒక న్యాయమా?

మనవైపు క్రైస్తవం ఆసుపత్రిని వెంటబెట్టుకునే నడిచింది. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న వేలూరులో మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ 1900లో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. అదే ఇప్పటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, మనం సీఎంసీ అనే ఆసుపత్రి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో మిషన్లు కలిసి క్షయ శానటోరియం పెట్టాయి. క్షయకు మందు లేని రోజులవి, గాలి, విశ్రాంతి, తిండి, ప్రార్థన, ఇవే వైద్యం. తర్వాత మందు కనిపెట్టారు. ప్రార్థన ఉంది కదా అని దాన్ని ఎవరూ వద్దనలేదు. పౌలును తీసుకున్నా అంతే. తన వెంట తిరిగిన త్రోఫిముకు జబ్బు చేస్తే మిలేతు అనే ఊళ్లో వదిలి వచ్చానని మామూలుగా రాసుకున్నాడు, త్రోఫిముకు విశ్వాసం లేదని రాయలేదు. ఆయన వెంట తిరిగిన లూకా, సువార్త రాసిన లూకాయే, వైద్యుడే. పన్నెండేళ్ల రక్తస్రావం ఉన్న స్త్రీ వైద్యుల చేతుల్లో తిప్పలు పడి ఇంకా చెడిపోయిందని మార్కు రాస్తే, లూకా ఆ మాటను ఎంత మెత్తబరిచాడో పక్కపక్కన పెట్టి చదవండి, నవ్వొస్తుంది. వృత్తి అభిమానం ఎవరికైనా ఉంటుంది.

సరే, ధ్యానాల సంగతి.

రాయడం మానేయొచ్చు. "ఇంట్లో బాగాలేదండీ, ఈసారికి వేరేవాళ్లకు ఇవ్వండి" అంటే పాస్టరు గారు ఏమీ అనుకోరు. మీకు విశ్రాంతి దొరుకుతుంది, అది చిన్న విషయం కాదు. కాకపోతే ఆ పని పెద్దాయన చేతికి పోయే అవకాశం ఉంది, ఆయన యాయీరు కూతురి మీద ఏం చెబుతారో మీకు తెలుసు, పాప అక్కడే కూర్చుని వింటుంది.

ఎవరికీ తగలకుండా రాయొచ్చు. దేవుడు గొప్పవాడు, స్వస్థపరచువాడు, ఆమేన్. గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడతాయి. గొడవ ఉండదు. మీరు మాత్రం రాసినప్పుడల్లా లోపల ఒక మాట, బయట ఒక మాటగా ఉండాల్సి వస్తుంది. ఇప్పుడు పెన్ను ఆగింది అందుకేనని నా అనుమానం.

జరిగినదంతా పేర్లతో సహా రాసేయొచ్చు. కోపం ఉన్నప్పుడు ఇదే సరైనదనిపిస్తుంది. కానీ ఇది మీ కథ కన్నా ముందు మీ పాప కథ. ఫిట్స్ అన్న మాట ఒకసారి గ్రూపులో పడితే స్కూలు దాకా పోతుంది, పదేళ్ల తర్వాత పెళ్లిమాటల దాకా పోతుంది, మన జనం సంగతి మీకు తెలియనిదా? పాప పెద్దదై, తనే చెప్పుకోవాలనుకుంటే అప్పుడు చెప్పుకుంటుంది.

వీటి మధ్యలో ఇంకో దారి ఉంది, నా మొగ్గు దానివైపే. పాప ఊసు లేకుండా, కథలో ఉన్నది ఉన్నట్టు రాయండి. మీకు తెలిసిన చోట ఆగండి. యాయీరు కథే తీసుకోండి. పన్నెండేళ్ల పిల్ల. ఇంటి నిండా ఏడ్చేవాళ్లు, అల్లరి. యేసు చేసిన మొదటి పని జనాన్ని బయటికి పంపేయడం. తల్లినీ తండ్రినీ తన ముగ్గురు శిష్యుల్నీ మాత్రమే లోపలికి రానిచ్చాడు. పిల్ల లేచి నడిచింది. అప్పుడాయన రెండు మాటలు చెప్పాడు: ఇది ఎవరికీ తెలియకూడదు, పిల్లకు తినడానికి పెట్టండి. వేదిక లేదు, మైకు లేదు. ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించి ఉండరు. లేచిన పిల్లకు ఆకలేస్తుందన్న సంగతి గుర్తొచ్చింది ఆయనకే. ఇంత రాస్తే చాలు, కింద నీతి చేర్చకండి. పెద్దాయనకు తగలాల్సింది తగులుతుంది, ఎవరినీ పేరు పెట్టి అనలేదు కాబట్టి గొడవకు ఆస్కారమూ తక్కువ. అయినా కొందరికి గుచ్చుకుంటుంది. "ఎవర్ని అంటున్నావమ్మా?" అని అడగొచ్చు. వాక్యంలో ఉన్నదే రాశానని చెప్పడానికి సిద్ధపడి ఉండండి.

మార్కు 8లో బేత్సయిదా గుడ్డివాడి మీద కూడా ఒకటి రాయండి, వీలైతే ఈస్టర్‌కు ముందు వారానికే. యేసు మొదటిసారి చేతులుంచి, ఏమైనా కనిపిస్తోందా అని అడిగితే, మనుషులు చెట్లలా నడుస్తున్నట్టు కనిపిస్తున్నారు అన్నాడతను. ఆయన్ని సంతోషపెట్టడానికి అంతా స్పష్టంగా కనిపిస్తోందని అనలేదు. పూర్తి కాలేదని ఉన్నమాట చెప్పాడు, తిట్టు పడలేదు, యేసు మళ్లీ చేతులుంచాడు. సాక్ష్యం అంటే ఇలా ఉండాలని సంఘమంతా ఒకసారి వినడం మంచిది.

పాప సాక్ష్యం గురించి పాస్టరు గారితో ముందే, విడిగా మాట్లాడండి. ఆయన కొత్త మనిషి. ఆ శుక్రవారం రాత్రి ఏం జరిగిందో ఆయనకు ఒకవైపు నుంచే అంది ఉండొచ్చు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం తీసుకెళ్లి చూపించండి. మూడు విషయాలు అడగండి: పాపను వేదిక ఎక్కించరాదు, రాత్రి ప్రార్థనలకు రమ్మని ఒత్తిడి చేయరాదు, ఏ ఇంట్లోనూ మందు మానమని సంఘం తరఫున ఎవరూ చెప్పరాదు. ఆయన ఏమంటారన్నదాన్ని బట్టే ఉండడమో పోవడమో తేలుతుంది. సరేనంటే ఉండండి. పాప స్నేహితులు, సండే స్కూలు, పాటలు అన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్కరి మాట కోసం అవన్నీ వదిలిస్తే "నా జబ్బు వల్లే వెళ్లగొట్టారు" అని పిల్ల అనుకునే ప్రమాదం ఉంది. పాస్టరు గారు కూడా పెద్దాయన పాటే పాడితే మాత్రం ఎక్కువ రోజులు లాగకండి. తిరుపతిలో వేరే సంఘాలున్నాయి. మారేటప్పుడు కారణం పాపకు మీ నోటితోనే చెప్పండి: "వాళ్లు నీ మాత్ర ఆపమన్నారు, నేను ఒప్పుకోలేదు."

మీ అత్తగారి గురించి మీరు రాసింది నాలుగు లైన్లే, కానీ ఆ నాలుగు లైన్లలోనే కోపమంతా ఉంది. అర్థమవుతుంది. అయినా ఆమె మాత్ర ఆపింది బిడ్డ మీద ప్రేమ లేక కాదు. ఆ రాత్రి తర్వాత ఆమె అన్నం సరిగ్గా తినడం లేదని కూడా మీరే రాశారు. మాత్రల పని ఆమె నుంచి పూర్తిగా తీసేస్తే మీకు నిశ్చింత, కానీ నేరం చేసిన మనిషిలా ఆమె ఆ ఇంట్లో మిగిలిపోతుంది. మళ్లీ ఆమెకే వదిలేస్తే మీకు రోజూ టెన్షన్. మందుల షాపులో వారం రోజులకు గళ్లున్న మాత్రల డబ్బా దొరుకుతుంది. ఆదివారం మీరు నింపండి, రోజూ ఆమే వేయనివ్వండి, రాత్రి పడుకోబోయే ముందు గడి ఖాళీ అయిందో లేదో మీరు చూసుకోండి. కావాలంటే మాత్ర చేతిలో పెట్టుకునే ప్రార్థన చేయమనండి. ఆమెకు ఆ పని బాగా తెలుసు.

మీ వారి దగ్గరే నాకు కొంచెం ఆగాలనిపిస్తోంది. అవుననక, కాదనక ఉన్న మనిషి ఇప్పుడు ఏమనుకుంటున్నారో మీరు రాయలేదు, బహుశా మీకూ తెలియదు. తల్లి ఒకవైపు, సంఘ పెద్ద ఒకవైపు, మీరు ఒకవైపు లాగుతుంటే మాట్లాడకపోవడమే ఆయనకు సులువనిపించి ఉంటుంది. ఇంట్లో కూర్చోబెట్టి నిలదీస్తే మళ్లీ అదే మౌనం వస్తుంది. ఈసారి చెకప్‌కు మీరు సెలవు పెట్టకండి. పాపను ఆయన్నే తీసుకెళ్లమనండి. చీటీ మీద మూడు ప్రశ్నలు రాసివ్వండి: ఈ మందు ఎన్నాళ్లు వాడాలి, ఎప్పుడు తగ్గించొచ్చు, ఒక పూట మర్చిపోతే ఏం చేయాలి. డాక్టరు చెప్పిన జవాబులు ఆయన చెవితో ఆయన విని, ఇంటికొచ్చి వాళ్లమ్మకు ఆయనే చెప్పాలి.